కొబ్బరి వేళ్ళలో బూజు

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే నేను ఒక పెద్దావిడ తోటకు లేని జబ్బు అంటగట్టాను. ఆవిడంటే నాకు ఎంతో గౌరవం. ఆవిడ పెట్టిన అన్నం తిన్నాను. చెప్పింది కూడా శుభవార్త అనుకునే చెప్పాను. అయినా పని అలా జరిగింది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. వ్యవసాయం చదివి, తాడేపల్లిగూడెంలో వ్యవసాయ శాఖ డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. చుట్టుపక్కల ఊళ్ళకు సైకిలు మీద వెళ్ళి అమ్మోనియం సల్ఫేటు వాడమని రైతులకు చెప్పడం నా పని. రైతులు నన్ను ఎంతో మర్యాదగా చూసేవారు. నీడన కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, పెళ్ళయిందా అని అడిగేవారు. నేను ఎరువుల గురించి చెబుతుంటే "ఆయ్, అలాగేనండి" అంటూ చివరిదాకా వినేవారు. మర్నాటి నుంచి ఎప్పటిలాగే చేసుకునేవారు.

గూడెం నుంచి భీమడోలు వైపు పోతూ కాలవ గట్టు దిగితే ఒక ఊరు. ఆ ఊళ్ళో పక్కపక్కనే రెండు కొబ్బరి తోటలుండేవి. ఒకటి పెద్దమ్మగారిది. ఆవిడకు అరవై దాటాయి. భర్త పోయాక తోట తనే చూసుకునేవారు. తాటాకు గొడుగు వేసుకుని పొద్దున్నే తోటలోకి వెళ్తే భోజనాల వేళకు గాని వచ్చేవారు కాదు. ఆ తోటలో నేల కనిపించేది కాదు. చెట్ల మధ్య కంద, పసుపు, అరటి, కాలవ వైపు తమలపాకు తీగలు. అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియక నేను గట్టు మీదే నిలబడి మాట్లాడేవాణ్ణి.

పక్క తోట ఆవిడ మరిదిది. రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఆయన తోట బొమ్మ వెయ్యబోయే ముందు కాగితంలా ఉండేది. గడ్డిపోచ మొలిస్తే పీకేవారు. చెట్ల వరసల మధ్య చీపురు పెట్టి ఊడ్చేవారు. చెట్లు కూడా స్కేలు పెట్టి గీసినట్టు నిలబడేవి గాని, మట్టలు పాలిపోయి, గెలకు నాలుగైదు కాయలతో ఉండేవి. అన్నదమ్ములు పంచుకున్న ఒకే చేను అది. ఒకే మట్టి, ఒకే కాలవ, ఒకే ఏడాది నాటిన మొక్కలు. పెద్దమ్మగారి చెట్లు మాత్రం కాయల బరువుకు గెలలు దిగజారి ఉండేవి.

ఈ విషయం మీద కంచెకు అటూ ఇటూ నిలబడి వదినా మరిదీ ఏళ్ళ తరబడి పోట్లాడుకుంటున్నారు. ఆ పోట్లాటలో గొంతు పెంచడం ఉండేది కాదు.

"వదినగారూ, చెట్టు తినాల్సిందంతా మీ కంద తినేస్తందండి. నా మాట వినండి" అనేవారు మాస్టారు.

"తిననివ్వండి మరిదిగారూ. మీ చెట్లకి పోటీ ఎవరూ లేరు కదా, అవెందుకు ఒళ్ళు చెయ్యట్లేదండీ" అనేవారు ఆవిడ.

నేను ఉద్యోగరీత్యా మాస్టారి పక్షం. తోట శుభ్రంగా ఉంచాలనే మా కరపత్రాల్లో ఉండేది. కానీ రెండు తోటల్నీ చూసినప్పుడల్లా నాకు మనసులో ఏదో ముల్లులా గుచ్చుకునేది. ఒకరోజు ఉన్నట్టుండి కాలేజీలో విన్న పాఠం గుర్తొచ్చింది. కొన్ని చెట్ల వేళ్ళలో సన్నటి దారాల్లాంటి శిలీంధ్రం కాపురముంటుందని, అది చెట్టు చేసుకున్న చక్కెర తిని, బదులుగా వేరు చేరలేని చోట్ల నుంచి భాస్వరం లాంటివి తెచ్చి పెడుతుందని కొందరంటున్నారని, ఇంకా పూర్తిగా తేలలేదని మా వృక్షశాస్త్రం మాస్టారు చెప్పారు. ఇది పరీక్షలో రాదని కూడా చెప్పారు. దాంతో ఎవరూ రాసుకోలేదు. నేను ఆ రోజు మొదటి బెంచీలో దొరికిపోయి నిద్రపోవడానికి వీల్లేక విన్నాను.

రెండు తోటల్లోనూ సన్న వేళ్ళు తవ్వి, తడిగుడ్డల్లో విడివిడిగా చుట్టుకుని ఏలూరు రైలెక్కాను. అక్కడ ఒక కాలేజీ ప్రయోగశాలలో నా స్నేహితుడు పనిచేసేవాడు. వేళ్ళను క్షారంలో ఉడికించి, నీలిరంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. పెద్దమ్మగారి వేళ్ళ నిండా నీలి దారాలు. కణాల లోపల బుల్లి బుల్లి కొమ్మలు వేసుకుని ఉన్నాయి. మాస్టారి వేళ్ళలో సాయంత్రం దాకా వెతికితే ఒకటీ అరా కనిపించాయి.

తిరుగు రైల్లో దెందులూరు దాటేదాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను. ఎదుటాయన చూసి చూసి, "కొడుకు పుట్టేడా అండీ" అని అడిగాడు. నాకింకా పెళ్ళే కాలేదన్నాను. ఆయన సంచీ తీసుకుని కొంచెం అవతలికి జరిగాడు.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మగారింటికి వెళ్ళాను. ఆవిడ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతున్నారు. శిలీంధ్రమంటే ఆవిడకు తెలియదని, దారి పొడుగునా ఆలోచించి తేలిక మాట సిద్ధం చేసుకున్నాను. నా చదువు మొత్తం మీద నేను చేసిన పెద్ద తప్పు ఆ అనువాదమే.

"అమ్మగారూ, మంచి మాట చెప్పడానికొచ్చానండి. మీ కొబ్బరి వేళ్ళ నిండా బూజుందండి."

ఆవిడ చేట కింద పెట్టారు. "నిండానా అండి?"

"నిండానండి. మీ మరిదిగారి తోటలో వెతికినా దొరకలేదండి."

ఎప్పుడూ రాగానే మజ్జిగ ఇచ్చే మనిషి, ఆ రోజు నన్ను ఎగాదిగా చూసి, ఎండలో తిరిగి ఒంట్లో బాగాలేదేమోనన్నట్టు, "మజ్జిగ తాగుతారా బాబూ" అని మెల్లగా అడిగారు. అది మంచి బూజని, చెట్టుకు సాయం చేస్తుందని నేను చాలాసేపు చెప్పాను. ఆవిడ మా రైతులందరిలాగే "అలాగేనండి" అని విన్నారు. నేను లేవబోతుంటే, "ఈ మాట బయట ఎవరితోనూ అనకండేం" అన్నారు.

నేను అననక్కర్లేకపోయింది. కంచె అవతల మాస్టారు ఊడుస్తున్నారు. చీపురు చప్పుడు మధ్యలో ఆగిపోవడం నేను కూడా విన్నాను గాని పట్టించుకోలేదు.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. పెద్దమ్మగారి తోటకు బూజు పట్టిందట, సాక్షాత్తూ గవర్నమెంటు వారే వచ్చి చెప్పారట, మాస్టారి తోట శుభ్రంగా ఉండబట్టి తప్పించుకుందట. మూడోనాడు నేను గూడెం స్టేషను దగ్గర టీ తాగుతుంటే పక్కనున్నాయన ఆ కబురు నాకే చెప్పాడు. అప్పటికి అది కొబ్బరి క్షయ అయింది.

"తోటంతా తగలబెట్టెయ్యాలన్నారంటండి" అన్నాడు.

"ఎవరండీ అన్నది?" అన్నాను భయంభయంగా.

"ఎవరో పెద్దాఫీసరంటండి. తెల్లగా, పొడుగ్గా ఉంటాడంట."

నేను పొట్టిగా, నల్లగా ఉంటాను. ఆ క్షణానికి బతికిపోయాననిపించింది. టీ పూర్తిచేసి గబగబా సైకిలెక్కాను.

నేను వెళ్ళేసరికి పెద్దమ్మగారి అరుగు మీద ఏలూరు నుంచి వచ్చిన కొబ్బరికాయల వర్తకుడు కూర్చుని ఉన్నాడు. అందరూ సాయిబుగారనేవారు. తెల్లటి గడ్డం, చాలా నెమ్మదైన మనిషి. ఆ తోట కాయ ఎన్నో ఏళ్ళుగా ఆయనే కొనేవాడు. ఆ వారంలో మనుషుల్ని చెట్లెక్కించి కాయ దింపు తీయించాల్సి ఉంది.

"అమ్మగారూ, మీ కాయ సంగతి నాకు తెలీదా అండి. కానీ బూజన్న మాట పుట్టింది. రేపు ఎండబెట్టిన కురిడీలు కుళ్ళిపోతే బజార్లో నా మొహం చూస్తారా చెప్పండి. సంగతి తేలనివ్వండి, దింపు తరవాత చూద్దాం" అంటున్నాడు.

ఆయన వెళ్ళాక పెద్దమ్మగారు నా వైపు తిరిగారు. కోపంగా మాట్లాడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"బాబూ, మీరు మంచివారే. కానీ మీ మంచి మాటలు నా తోటకి పడట్లేదండి. మీరు తెచ్చిన పేరు మీరే తీసుకెళ్ళిపోండి."

ఎలా తీసుకెళ్ళాలో నాకు తెలియలేదు. ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేకపోయాను. చివరికి ఒకటే దారి కనిపించింది. నేను చూసినది ఊరందరికీ చూపించాలి. మళ్ళీ ఏలూరు వెళ్ళి, స్నేహితుణ్ణి బతిమాలి, ఒక ఆదివారానికి మైక్రోస్కోపు అడిగి తెచ్చుకున్నాను. దాని చెక్కపెట్టెను ఒళ్ళో పసిపిల్లలా పెట్టుకుని రైల్లో కూర్చున్నాను. భీమడోలులో కొల్లేటి చేపల గంపతో ఒకావిడ ఎక్కి నా పక్కనే కూలబడింది. గంపలో కొర్రమీన్లు ఇంకా కొట్టుకుంటున్నాయి. ఆవిడ నా పెట్టె వైపు చూసింది.

"హార్మనీయా బాబూ? ఏ నాటకం?"

వివరించే ఓపిక లేక, "కొబ్బరి వేళ్ళు" అన్నాను.

ఆవిడ ఆలోచించి, "అది నేను చూళ్ళేదు" అంది.

ఆదివారం పొద్దున పెద్దమ్మగారి పెరట్లో నీళ్ళు కాచే పొయ్యి మీద పాత మట్టి కుండ ఎక్కించి, రెండు తోటల వేళ్ళనూ విడివిడిగా క్షారంలో ఉడికించాను. పెద్దమ్మగారు దూరంగా గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఆవిడ మరిది అందరికంటే ముందు వచ్చారు. వదినగారి తోట జబ్బు కళ్ళారా చూడాలని ఉన్నట్టుంది. పొయ్యి దగ్గరికి వచ్చి కుండలోకి తొంగి చూశారు.

"కొబ్బరి వేళ్ళ కషాయం పంటి నొప్పికి మంచిదండి. నాకో గ్లాసు ఇవ్వండి" అన్నారు.

"వద్దండి మాస్టారూ, నోరు కాలిపోతాది" అన్నాను కుండకు అడ్డం పడి.

"వదినగారి తోటది కదా, అంతే ఉంటాది" అన్నారాయన.

తర్వాత నీలిరంగు పట్టించడంలో సీసా ఒలికి నా చొక్కా, చేతులు, పెద్దమ్మగారి అరుగు నీలమయ్యాయి. మైక్రోస్కోపు కింది అద్దాన్ని ఎండ వైపు తిప్పి, అంతా సరిచూసుకుని, ఒక్కొక్కరినీ రమ్మన్నాను. అప్పటికి ఊళ్ళో సగం మంది వచ్చారు. సాయిబుగారికి నేనే కబురు పంపించాను, ఆయన కూడా వచ్చాడు.

మొదట చూసిన పెద్దమనిషి చాలాసేపు చూసి, లోపల ఈత చెట్టుందని చెప్పాడు. అవి ఆయన రెప్ప వెంట్రుకలు. రెండో ఆయన రెండు కళ్ళూ మూసుకుని చూసి, చాలా బాగుందన్నాడు. తర్వాత సాయిబుగారు కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి, నెమ్మదిగా కన్ను ఆనించాడు.

"ఇదేంటండీ, కాలవల మ్యాపులాగుంది. పెద్ద కాలవ, పిల్ల కాలవలు, బోదెలు. అన్నీ చేలల్లోకి పోతన్నాయి" అన్నాడు.

ఆయన్ను అక్కడే కౌగిలించుకోవాలనిపించింది. "అదేనండి, ఆ కాలవలే చెట్టుకి తిండి తెస్తాయండి" అన్నాను.

మాస్టారు కూర్చున్నాక ఇక లేవలేదు. కాగితం, పెన్సిలు తెప్పించుకుని బొమ్మ వెయ్యడం మొదలుపెట్టారు. వెనక వరస గొణుగుతున్నా పట్టించుకోలేదు. కణం లోపల ఉన్న బుల్లి చెట్టును కొమ్మకు కొమ్మ వేశారు. నేనంత చక్కటి బొమ్మ పుస్తకాల్లో కూడా చూడలేదు. వేసి, దూరంగా పెట్టి చూసుకుని, రెండో గాజుపలక పెట్టమన్నారు. చాలాసేపు చూశారు. అటూ ఇటూ జరిపించి చూశారు.

"ఇందులో ఏమీ లేదేంటండి? గీయడానికి ఒక్క గీతా లేదు."

"అది మీ తోటదండి" అన్నాను.

ఆయన కన్ను తియ్యకుండా అలాగే ఉండిపోయారు. నాకు జాలేసింది. జీవితమంతా ఖాళీ కాగితం నింపమని పిల్లలకు నేర్పిన మనిషి ఆయన. కాసేపటికి లేచి, తన బొమ్మను మడత పడకుండా పట్టుకుని, వెళ్ళి గోడవార నిలబడ్డారు.

అందరూ అయ్యాక పెద్దమ్మగారు వచ్చారు. పైట సర్దుకుని కూర్చుని చూశారు.

"కదలట్లేదేంటండి?"

"ఉడకబెట్టాం కదండీ, చచ్చిపోయిందండి."

"అయ్యో, ఉడకబెట్టేరా" అన్నారు. మళ్ళీ చూశారు. నన్ను వరసగా ప్రశ్నలడిగారు. ఇది తనంతట తను బతకగలదా, వేరు లేకపోతే ఏమవుతుంది, కంద వేళ్ళలో కూడా ఉంటుందా, ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పాకుతుందా. వేరు లేకపోతే బతకదని, కందకూ పసుపుకూ కూడా ఉంటుందని, అందుకే నేల ఖాళీగా లేని తోటలో ఎక్కువ ఉండొచ్చని చెప్పాను.

ఆవిడ లేచి నిలబడి, "మీరు మాట తప్పు చెప్పేరు బాబూ. ఇది బూజెందుకవుద్ది. బూజంటే ఉన్నదాన్ని పాడుచేసేది. ఇది తోడు. పాలలో చుక్క మజ్జిగేసి తోడెట్టమా, అలాంటిదండి" అన్నారు.

అన్నేళ్ళు చదివిన నాకు తట్టని మాట. వరసలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి తల ఊపారు. ఈత చెట్టు చూసిన పెద్దమనిషి కూడా, తనకూ తోడే కనిపించిందని చెప్పాడు. సాయిబుగారు కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"తోడైతే నాకేం ఇబ్బంది లేదండి. గురువారం దింపు పెట్టుకుందాం."

అక్కడితో నా కష్టం తీరిందనుకున్నాను. వారం తిరక్కుండానే కొత్త కష్టం వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం గిన్నెలు పట్టుకుని పెద్దమ్మగారింటికి రావడం మొదలుపెట్టారు. "అమ్మగారూ, మా చెట్లకి కాస్త తోడు పెట్టండి" అని అడిగేవారు. ఒకాయన మూత ఉన్న ఇత్తడి గిన్నె తెచ్చాడు, దారిలో ఎండ తగిలితే పులిసిపోతుందేమోనని. పెద్దమ్మగారు కంద మొదట్లోంచి గుప్పెడు మన్ను తీసి అందరికీ పెట్టేవారు. పెరుగు తోడుకు ఉన్న నియమాలన్నీ దానికీ వచ్చేశాయి. దీపాలు పెట్టాక ఇచ్చేవారు కాదు. శుక్రవారం ఇచ్చేవారు కాదు. ఉత్త మన్ను తీసుకెళ్తే లాభం లేదని, నేలలో బతికిన వేళ్ళుండాలని, ఏదో ఒక పైరు వెయ్యాలని నేను గట్టు మీద నిలబడి అందరికీ చెప్పాను. "అలాగేనండి" అన్నారు. గిన్నెలతో వెళ్ళిపోయారు.

మాస్టారు మాత్రం అడగలేదు. ఒక మధ్యాహ్నం ఊరంతా కునుకు తీసే వేళ నేను పెద్దమ్మగారి అరుగు మీద కరపత్రాలు సర్దుకుంటుంటే తోటలోంచి అలికిడి వినిపించింది. వెళ్ళి చూస్తే మాస్టారు గంప నిండా మన్నుతో కందల మధ్య ఇరుక్కుని ఉన్నారు. పంచె ముల్లుకంచెకు పట్టుకుంది. పెద్దమ్మగారు గొడుగు వేసుకుని ఎదురుగా నిలబడి ఉన్నారు.

"ఏం కావాలండి మరిదిగారూ?"

"ఏం లేదండి. మీ మన్ను గాలికి మా వైపు పడిందేమో, తిరిగిచ్చేద్దామని" అన్నారాయన.

ఆవిడ నవ్వలేదు. పంచె విడిపించి, "ఉత్త మన్ను ఏం చేసుకుంటారండి. విత్తనం కంద ఇస్తాను, పట్టుకెళ్ళండి. పసుపు కూడా ఉంది. మీ స్కేలు పెట్టుకునే నాటుకోండి, నేనేమన్నా అన్నానా" అన్నారు.

ఆయన అలాగే నాటారు. జిల్లాలో అంత తిన్నని వరసల్లో కంద వేసిన తోట ఇంకొకటి ఉండదు.

ఈలోగా ఏలూరు ఆఫీసు నుంచి నాకు మెమో వచ్చింది. నా పరిధిలోని కొబ్బరి తోటలకు నేనే స్వయంగా బూజు పంచుతున్నట్టు తెలిసిందని, సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది. నాలుగు పేజీలు రాశాను. దానికి బదులుగా ఆఫీసరుగారే జీపులో వచ్చారు. పెద్దమ్మగారు ఆయనకు కంద బచ్చలి కూర, ముద్దపప్పు, గడ్డపెరుగు వేసి భోజనం పెట్టారు. ఆయన రెండోసారి కూర వేయించుకుని, తోటలో మంచం వేయించుకుని గంటసేపు నిద్రపోయారు. లేచి, చెట్ల వైపు ఒకసారి చూసి, "ప్రస్తుతానికి ప్రమాదం ఏమీ లేదు" అని రాసుకున్నారు. నెల తిరిగేసరికి నన్ను కొల్లేటి లంకల వైపు బదిలీ చేశారు. అక్కడ ఏడాదిలో చాలా భాగం నీళ్ళే. వ్యవసాయ శాఖ మనిషినని చెబితే, చేపలకు ఎరువేమైనా ఉందా అని అడిగేవారు. ఎవరి వేళ్ళ జోలికీ వెళ్ళకుండా మూడేళ్ళకు పైగా పడవల్లో తిరిగాను.

ఆ తర్వాత ఒకసారి గూడెంలో పని పడి, ఆ ఊరు వెళ్ళాను. అప్పటికి నాకు కళ్ళజోడు వచ్చింది, పెళ్ళయి ఒళ్ళు కూడా వచ్చింది. కాలవ గట్టు మీద నిలబడి చూస్తే రెండు తోటలకూ తేడా తెలియలేదు. మాస్టారి చెట్లు పచ్చగా, బరువుగా ఉన్నాయి. అది శిలీంధ్రం వల్లో, అరటి మట్టలు కుళ్ళి నేలలో కలవడం వల్లో, కందకు పెట్టిన నీళ్ళు కొబ్బరి కూడా తాగడం వల్లో నేను ఇప్పటికీ ఖచ్చితంగా చెప్పలేను. అన్నీ అయ్యుండొచ్చు.

మాస్టారు నన్ను గుర్తుపట్టలేదు. దారిన పోయే పెద్దమనిషి తోట మెచ్చుకుంటున్నాడనుకుని లోపలికి పిలిచి, బొండం కొట్టించి ఇచ్చారు. అద్దం కట్టించిన బొమ్మ ఒకటి తెచ్చి చూపించారు.

"మీకు తెలీదనుకుంటానండి, చెట్టు వేరులో ఇంకో చెట్టుంటాది. కంటికి కనపడదు. నేను కనిపెట్టి గీసేను" అని మొదలుపెట్టి, భాస్వరం దాకా, కంద వేళ్ళ దాకా ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పుకొచ్చారు. నేనైతే అంత బాగా చెప్పలేను. మజ్జిగ తాగే రైతులాగా కూర్చుని, "అలాగేనండి" అంటూ విన్నాను.

కంచె అవతల ఆకులు కదిలి తాటాకు గొడుగు కనిపించింది.

"మరిదిగారూ, ఆయనకే చెప్తన్నారా ఏంటండి. ఆ వేళ్ళు పీకింది ఆయనే" అన్నారు పెద్దమ్మగారు. తర్వాత నా వైపు చూసి, మజ్జిగ ఇంట్లో ఉందని, బొండం తాగేసి ఇటు రమ్మని చెప్పారు.